తువ్వాలు ఎత్తేవరకు

ఇవాళ చాటంత రెక్కలూ కొరడాలాంటి తోకా ఉన్న టేకు చేపలు సముద్రంలోంచి ఎగురుతున్నాయి గాని తిరిగి నీళ్ళలో పడడం లేదు. నేను తువ్వాలు ఎత్తేదాకా అవి గాల్లోనే ఉంటాయి. పద్ధతి ప్రకారం నడుచుకుంటున్నాయి కాబట్టి వాటిని తప్పు పట్టడానికి లేదు.

ఊరి తరఫున సముద్రాన్ని చూసేది నేను. ఇసుక దిబ్బ మీద నిలబడి, గుంపు కనిపించగానే తువ్వాలు ఎత్తుతాను. అప్పుడు వల పడుతుంది. అంతవరకు ఇంకెవరూ సముద్రం వైపు చూడకూడదు, చూస్తే చేప బెదురుతుందని పెద్దల మాట. అందుకని ఊరంతా వల భుజానేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంది. చెమట కారుతున్నా నేను తుడుచుకోను. తువ్వాలు ఎత్తితే సైగ అయిపోతుంది.

రేపటి నుంచి వేట నిషేధం. ఇవాళ వల నిండకపోతే ఊరంతా పస్తే. ఈ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు, మా ఇంట్లోనూ పొయ్యిలో పిల్లి లేవడం లేదు.

టేకులు లేస్తూనే ఉన్నాయి. ఒకటి, దాని వెనక పది, వాటి వెనక లెక్కలేనన్ని. రెక్కలు విసురుతూ పైకొచ్చి, తెల్లటి పొట్టలు చూపించి, ఆరేసిన దుప్పట్లలా ఆకాశంలో వరసగా ఆగిపోతున్నాయి. నాకు బుద్ధెరిగాక ఇంత అందం చూడలేదు. చెయ్యి లేవడం లేదు. ఎత్తితే ఇదంతా ఉత్త చేపలైపోతుంది. కింద ఉన్నవాళ్ళకి ఎలాగూ చేపలే కనిపిస్తాయి, నాకొక్కడికే ఇది కనిపిస్తోంది, అనుకుంటాను.

"బావా, ఏటగుపడతంది?" అని అడుగుతాడు నా బావమరిది దానయ్య. వలకి పెద్ద అతనే.

"ఏటీ నేదు," అంటాను.

అబద్ధమాడగానే కాళ్ళ కింద దిబ్బ మూరెడు పెరుగుతుంది. ఇప్పుడు వెనక వరసలోవాళ్ళకి కూడా నా మొహం బాగా కనిపిస్తోంది.

"మరి నీ మొకం మీద ఆ నీడలేటి?"

"మబ్బులు."

"మబ్బులకి తోకలుంతాయేటి బావా?"

దిబ్బ ఇంకో మూరెడు పెరుగుతుంది. నా భార్య బంగారి ఇసుకలో కాళ్ళు దిగబడుతూ ఎక్కి వస్తుంది. మా ఆయన కన్ను అబద్ధమాడదని పెద్దల ముందు పూచీపడి నాకీ పని ఇప్పించింది ఆవిడే. గడ్డం పట్టుకుని నా కంట్లోకి చూస్తుంది.

"ఇందులో ఎగురుతన్నాయి గదా," అంటుంది.

సముద్రాన్ని చూడకూడదు గాని సముద్రాన్ని చూసే కన్నుని చూడకూడదని ఎవరూ చెప్పలేదు. ఊరంతా వరస కట్టి వస్తుంది. ఒక్కొక్కరూ ముందు నా ఎడమ కంట్లోకి, తర్వాత కుడి కంట్లోకి చూసి దిగిపోతారు. ముసలివాళ్ళు నా తలని వెలుతురుకి తిప్పుకుని చూస్తారు. నాకు తల కొట్టేసినట్టుంది.

"తిట్టవే," అంటాను బంగారితో.

"తిట్టడానికేటుంది? ఒక్క మాట సెప్తే అందరం కలిసి సూసీవోలం గదా. మాకు కళ్ళు నేవనుకున్నావేటి?"

సిగ్గుతో తువ్వాలు ఎత్తుతాను. ఊరు ఊరంతా సముద్రం వైపు తిరుగుతుంది. వల మాత్రం ఎవరూ విసరరు, టేకులూ కింద పడవు. వల భుజాల మీంచి జారి ఇసుకలో పడుతుంది. దానయ్య నోరు తెరుచుకుని చూసి చూసి, ఒక్క గెంతు గెంతుతాడు. అతని వెనక ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. గుంపులు గుంపులుగా, తెల్లటి అరికాళ్ళు చూపిస్తూ లేచి, టేకుల మధ్య ఆగిపోతారు. బంగారి అందరికంటే ఎత్తుకి పోతుంది. ఆకలి సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వీళ్ళకి చేపలే కనిపిస్తాయనుకున్న నన్ను ఈ ఇసుకలోనే పాతెయ్యాలి.

నేనూ గెంతుతాను. దిబ్బ కూడా నాతోపాటు లేస్తుంది. అందుకని ఎక్కడివాణ్ణి అక్కడే ఉంటాను.

పైన చోటు చాలక టేకులు ఒడ్డుకి దిగుతాయి. తోకల మీద నిలబడి, పడి ఉన్న వలని రెక్కల మీద వేసుకుని, గాల్లో ఉన్న మావాళ్ళకి వీపు పెట్టి, నా వైపు తిరుగుతాయి. టేకు నోరు దాని పొట్ట వైపే ఉంటుంది కాబట్టి ఆ తెల్లటి పొట్టలన్నీ మొహాల్లాగే ఉన్నాయి. పద్ధతి బాగానే నేర్చుకున్నాయి.

"బావా, ఏటగుపడతంది?" అని అడుగుతుంది ముందున్న టేకు.

దాని మీదుగా చూస్తాను. నా ఊరు ఆకాశంలో వరసగా ఉంది. బంగారి కొంగు పూర్తిగా విచ్చుకుంది. నన్ను చూసి చెయ్యి ఊపుతోంది.

"ఏటీ నేదు," అంటాను. ఈసారి పైనున్న మావాళ్ళ కోసమే అంటాను.

దిబ్బ పెరుగుతుంది.

"మరి నీ కంట్లో ఆ సీర ఎవులిది?"

టేకులన్నీ దగ్గరికి జరుగుతాయి. అన్ని తెల్లటి మొహాలూ నా మొహంలోకే చూస్తున్నాయి. చెవులదాకా కాలిపోతోంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, దాచుకుందామని తువ్వాలు ఎత్తుతాను.

తువ్వాలు మాటున వల విచ్చుకుంటున్న చప్పుడు వింటాను.