బోర్డు మీద ఎర్ర చుక్క

మైదానం పక్క గదిలో గోడకు పెద్ద బోర్డు ఒకటి వెలుగుతూ ఉంటుంది. పొద్దున్నే మేమంతా బూట్లు చేత పట్టుకుని ముందు దాని ఎదుట నిలబడాలి. పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే పరుగు, పసుపు చుక్క ఉంటే సగం పరుగు, ఎర్ర చుక్క ఉంటే గమ్మున కూర్చోవడం. రాత్రంతా చేతికుండే వాచీ మా గుండె ఎలా కొట్టుకుందో కంప్యూటర్‌కు చెబుతుంది. నిన్నటి అలసట నుంచి ఒళ్లు తేరుకుందో లేదో అది లెక్కగడుతుంది. ఈ పద్ధతి తెచ్చింది వ్యాయామ శాస్త్రం చదివి వచ్చిన ఒకాయన. ఆయన వినకుండా మేం వాచీల సార్ అంటాం.

పాప పుట్టాక మళ్లీ జట్టులోకి వచ్చిన నాటి నుంచీ నా చుక్క ఎరుపే.

పాపకు ఇంకా ఏడాది నిండలేదు. కాస్త కునుకు తీసి లేస్తుంది, పాలు తాగుతుంది, ఊరికే నవ్వుతుంది, మళ్లీ ఏడుస్తుంది. మా ఆయన లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో ఉండే అత్తయ్య పగలు పాపను చూసుకుంటుంది, రాత్రి మాత్రం నా వంతే. ఇవేవీ వాచీకి తెలియవు. తెలియకపోవడం వాచీ తప్పు కాదు. చెప్పినా చెవిన పెట్టకపోవడం మాత్రం మనిషి తప్పే.

“సార్, చంటిపిల్లతో నాకు నిద్రుండదు. అయినా కాళ్లు బాగానే ఉన్నాయి. ఒక్కసారి పరిగెత్తనివ్వండి,” అని అడిగాను.

“నీ కాళ్లు చెప్పేది నీ ఊహమ్మా. గుండె చెప్పేదే నిజం.”

“అయితే నా గుండెకేమన్నా జబ్బా సార్?”

“అది డాక్టర్ని అడుగు,” అంటూ ఆయన కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

ఆ ముక్కతో ఉన్న కాస్త నిద్రా ఎగిరిపోయింది. పాపను ఒళ్లో వేసుకుని మెడ దగ్గర నాడి పట్టి చూసుకునేదాన్ని. నాకేమన్నా అయితే ఇది ఎవరి చేతుల్లో పెరుగుతుందో అని గుండె దడదడలాడేది. ఆ దడ కూడా వాచీలోకి ఎక్కేది. చివరికి ఆసుపత్రికి వెళ్తే, గుండె నిక్షేపంలా ఉంది పొమ్మన్నారు. ఆ మాట చెబితే వాచీల సార్, “మంచిదే. అయినా ఎరుపు ఎరుపే కదా,” అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

మాలో అందరికన్నా పొడుగుది జిరాఫీ. దాని నోటికి తాళం ఉండదు. “ఏమే ఎర్రమ్మా, రోజూ కూర్చునేదానివి, ఒక దిండన్నా తెచ్చుకోరాదూ?” అనేది. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.  రిలే జట్టుకు నలుగుర్ని ఎంచే పరుగు దగ్గర పడింది. ఆ రోజూ ఎరుపొస్తే నన్ను గీత దగ్గరికి కూడా రానివ్వరు. ఈసారి తప్పితే పిల్లతల్లి అని పక్కన పెట్టేస్తారు, ఇక మళ్లీ పిలవరు. బడి మధ్యలో మానేసి పరుగు పట్టుకున్నదాన్ని. నా చేతిలో ఉన్న విద్య ఇదొక్కటే.

ఎంపికకు ముందు రాత్రి పాలు తాగుతుంటే వాచీ పట్టీ పాప చెంపకు గీసుకుంది. విప్పి దిండు పక్కన పెట్టాను. పాప నోట్లో పెట్టుకుంటుందేమోనని అత్తయ్య దాన్ని తీసి తన చేతికి కట్టుకుందట. అది నేనెరగను. అత్తయ్య పడుకుందంటే ఇల్లు కూలినా లేవదు. తెల్లారి ఇల్లంతా వెతికితే అది ఆవిడ చేతికి కనిపించింది.

“అత్తయ్యా, ఎంత పని చేశారు. అది నా చేతికి లేకపోతే ఇవాళ పరుగు లేదు.”

“నీ చేతికుంటే మాత్రం ఏ రోజు పరిగెత్తనిచ్చారే?” అంది ఆవిడ, పాపను భుజాన వేసుకుంటూ.

 వాచీ తీసుకుని మైదానానికి పోయాను. బోర్డు మీద నా పేరు పక్కన పచ్చ చుక్క. నా కళ్లను నేనే నమ్మలేదు. వాచీల సార్ మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చాడు.

“చూశావా? ఇన్నాళ్లూ ఊరికే కూర్చోబెట్టామనుకున్నావా? ఇవాళ జట్టు మొత్తంలో నీ అంత ప్రశాంతమైన గుండె లేదు.”

“సార్, అది నా...”

“మాట్లాడి ఆయాసపడకు. పద పద,” అని ఆయనే నన్ను గీత దాకా తోలుకుపోయాడు.

పరిగెత్తాను. ఇన్నాళ్లూ కూర్చున్న కసి అంతా కాళ్లలోకి దిగింది. జిరాఫీ ఒక్కతే నాకన్నా ముందు గీత దాటింది. నేను మోకాళ్లు పట్టుకుని రొప్పుతుంటే, వాచీల సార్ నన్ను చూపిస్తూ అందరికీ పాఠం మొదలుపెట్టాడు. నమ్మి విశ్రాంతి తీసుకుంటే ఒళ్లు ఇలా తేరుకుంటుందట. ఇదంతా ఆయన పద్ధతి పుణ్యమట.

ఇక నావల్ల కాలేదు.

“సార్, రాత్రంతా ఆ వాచీ పెట్టుకుని పడుకున్నది మా అత్తయ్య. నాకు రాత్రీ ఎప్పటిలాగే జాగారమే.”

 జిరాఫీ నెమ్మదిగా, “అయితే అత్తయ్యనే తీసుకోండి సార్ జట్టులోకి,” అంది. నవ్వులు పడ్డాయి. వాచీల సార్ మొహం కందగడ్డయింది.

“ఇది మోసం. ఈ పరుగు చెల్లదు.”

“పరిగెత్తింది నేనా, వాచీనా సార్? చెప్పబోతే నోరు మూయించి తోలుకొచ్చింది మీరే కదా. రాత్రి నా గుండెను ఎవరూ చూడలేదు. నా కాళ్లను ఇప్పుడే అందరూ చూశారు. మా అత్తయ్య గుండెను మీరు మెచ్చుకోవచ్చు గానీ, నా పరుగుకు నాకు చోటివ్వకూడదా?”

 

కోచ్ మేడమ్ అంతవరకూ చేతిలోని స్టాప్‌వాచ్‌నే చూస్తోంది. “పరుగు నేను కళ్లారా చూశాను, టైమూ పట్టాను. చెల్లుతుంది,” అంది. “ఈ పిల్ల జట్టులో ఉంది.”

వాచీల సార్ వదల్లేదు. “సరే మేడమ్. కానీ పాలు మాన్పించమనండి. అప్పుడు నిద్ర పడుతుంది, నా లెక్కా కుదురుతుంది.”

“మాన్పించను,” అన్నాను. “మీ లెక్కలో పాపను కూడా వేసుకోండి.”

“ఎలా వేసుకోమంటావు?” అన్నాడాయన.

ఇన్నాళ్లలో ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. నిలబడి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. పాలవేళ దాటిపోయి, పాలు చేపుకొచ్చి గుండెలు సలుపుతున్నాయి. రేపు చెబుతానని చెప్పేసి, బూట్లన్నా విప్పకుండా ఇంటి దారి పట్టి పరిగెత్తాను.