మెత్తటి కాటుక

రోజలిన్ కుడిచేతి చిటికెన వేలు పెళ్లికూతురి చెంప మీద ఆనింది. ఆ వేలు ఎక్కడో ఒకచోట ఆనితేనే మిగతా చెయ్యి కాస్త కుదురుగా ఉంటుంది. ఈ సంగతి ఇంకెవరికీ తెలియకుండా ఆమె చాలాకాలంగా నెట్టుకొస్తోంది.

"కళ్లు మూసుకోమ్మా. గట్టిగా కాదు, నిద్దరొత్తన్నట్టు."

ఫెబా కళ్లు మూసింది. మధ్యాహ్నం పెళ్లి. వన్ టౌన్ సందులో మేడ మీది ఆ చిన్న పార్లరు కిటికీలు, హార్బరు నుంచి వచ్చే నల్లటి బొగ్గు ధూళికి భయపడి ఎప్పుడూ మూసే ఉంటాయి. ట్యూబులైటు కింద ఫెబా తెల్ల పట్టుచీర మీద పాత దుప్పటి కప్పారు. తల్లి పుష్పకుమారి పక్కనే కూర్చుని, పెళ్లి ముసుగు నలగకుండా ఒళ్లో పట్టుకుంది.

పిల్లకేమో ఫోనులో చూసిన పొగలాంటి నల్లటి రెప్పలు కావాలి. తల్లికేమో చర్చి సంఘంలో మాట రాకూడదు.

"సిస్టర్, మరీ నలుపొద్దు. ముసుగు తియ్యగానే పాస్టరమ్మగారు కళ్లే సూత్తారు."

"నువ్వుండమ్మా. ఆంటీ సేతిలో నలుపు కూడా మెత్తగుంటాది" అంది ఫెబా.

ఆ మాటకి రోజలిన్ బ్రష్షు మొన తుడవడం మొదలుపెట్టింది. భర్త యోహాన్ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని చేస్తూనే పోయాక ఆమె ఇల్లు గడిచింది ఈ కుడిచేతి మీదే. ఒకప్పుడు ఆమె గీసిన కాటుక గీత దారం పోగులా ఉండేది. పోయిన వేసవిలో ఒక పెళ్లికూతురికి గీస్తుంటే చెయ్యి వణికి, గీత పక్కకి పోయింది. కంగారులో వేలితో పైకి తుడిచేసింది. అది చూసి పెళ్లివారు మురిసిపోయారు. అప్పట్నుంచి "రోజలిన్ మెత్తటి కళ్లు" అని అచ్యుతాపురం అంత దూరం నుంచి కూడా వస్తున్నారు. పొగిడిన ప్రతిసారీ ఆమె నవ్వి, చేతిని పైట కిందికి లాక్కునేది.

రోజలిన్ తల్లికీ ఇలాగే మొదలైంది. ముందు సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం గిన్నె నోటిదాకా వెళ్లక తెల్లచీర మీద ఒలికితే, చర్చిలో అందరూ చూశారు. తల్లి మళ్లీ ఆ గడప తొక్కలేదు. చివరికి అన్నం కూడా రోజలినే తినిపించింది. అందుకే డాక్టరంటే రోజలిన్‌కి భయం. అది ఫలానా జబ్బని ఆయన నోటితో అనేస్తే ఇక దాచుకోవడానికి ఉండదు.

కుడి కన్ను బాగానే కుదిరింది. రెప్ప మడతలో గోధుమరంగు, వెంట్రుకల మొదట్లో కాటుక, కాటుక అంచుని వేలితో పైకి తుడుస్తూ పోతే నలుపు గోధుమలో, గోధుమ ఒంటి రంగులో కలిసిపోయింది. ఎడమ కంటి దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడే హార్బరులో ఓడ కూసింది. చెయ్యి ఎగిరింది. బ్రష్షు మొన కంట్లోకి దిగింది.

"అబ్బా" అంది ఫెబా. కంట్లోంచి నల్లటి నీళ్లు కారాయి.

"ఏటైంది సిస్టర్?" పుష్పకుమారి లేచి నిలబడింది.

"ఏటీ లేదు. ఓడ కూతకి ఉలిక్కిపడ్డాను."

రోజలిన్ బ్రష్షు కింద పడేసింది. పెళ్లినాడు పిల్ల కన్ను పోగొట్టానా అనుకుంది. నీళ్లతో కన్ను కడిగి, రెండు వేళ్లు చూపించి, అవి ఊగుతుంటే వెంటనే దింపేసింది.

"రెండు" అంది ఫెబా. "కనపడతాంది ఆంటీ, కానియ్యండి."

రోజలిన్ మళ్లీ బ్రష్షు పట్టుకుంది. చెయ్యి కంటి దాకా వెళ్లనంది.

"రాణీ, ఈ కన్ను నువ్వెయ్."

పార్లరులో ఆమెతో పాటు పనిచేసే రాణి తలకి రంగు కలుపుతున్నదల్లా వచ్చింది. రాణి చెయ్యి రాయిలా నిలుస్తుంది. చక్కగా, కత్తి అంచులా గీత గీసింది. వేలితో పైకి తుడిచినా ఆ గీత అంచు అలాగే నిలిచింది.

"ఇదేటి? ఓ కన్ను పెళ్లికూతురిది, ఓ కన్ను నాటకాలోల్లది" అంది పుష్పకుమారి. కింద పెళ్లికారు హారన్ కొడుతోంది.

రాణి మొత్తం చెరిపేసి మళ్లీ వేసింది. మళ్లీ అదే గీత. "నీలాగ నాకు రాదక్కా. సెయ్యి ఎలగ తిప్పుతావో సెప్పు."

రోజలిన్ అద్దంలో ఫెబా రెండు కళ్లనీ చూసింది. చెబితే ఈ గది దాటేలోపు తన బతుకు బయటపడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల రెండు రకాల కళ్లతో చర్చిలో నిలబడాలి, అందరూ చూస్తారు. తన తల్లి తెల్లచీర మీద ఒలికిన ద్రాక్షరసం గుర్తొచ్చింది.

"ఎడమ సేత్తో ఎయ్" అంది.

"ఏటీ?"

"బ్రష్షు ఎడమ సేత్తో పట్టుకో. గీత వంకరొత్తాది. రానీ. దాన్నే ఏలితో పైకి తుడిచెయ్. నాను సేసేదదే."

రాణి ఎడమ చేత్తో గీసింది. గీత వణికింది. వేలితో తుడిచింది. ఆ కన్ను ఈ కన్నుతో కలిసింది. నలుపు నలుపుగానే ఉంది, అంచు మాత్రం ఎక్కడా లేదు. ఫెబా అద్దానికి దగ్గరగా జరిగి, ఒక కన్ను తర్వాత ఒకటి మూసి చూసుకుంది. పుష్పకుమారి కూతురి తల మీద ముసుగు సర్దింది.

రాణి తన ఎడమ చేతినీ, పైట కింద దాక్కున్న రోజలిన్ కుడిచేతినీ చూసింది.

కారు వెళ్లిపోయాక రోజలిన్ సంచీ తీసుకుంది. "రేపట్నుంచి నువ్వే సూసుకో. నాను రాను."

"ఆస్పత్రికెల్దామక్కా. నానొత్తాను కదా తోడు."

"నాకు బయ్యమేత్తాంది రాణీ" అంది రోజలిన్. ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

రాణి అద్దం వెనక గూడు సర్దబోయింది. పౌడరు డబ్బాల చాటున చంటిపిల్లల కప్పొకటి కనిపించింది. రోజలిన్ ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరు. రెండు పిడులు, ఒలక్కుండా బిగించిన మూత, చప్పరించడానికి చిన్న ముక్కు. లోపల సగం తాగిన టీ మీగడ కట్టి చల్లారిపోయి ఉంది.