చంద్రి చేపిన పూట

ఆండాలు గోరువెచ్చని నీళ్లతో బర్రె పొదుగు కడుగుతోంది. పక్కనే ఆమె మొగుడు సాయిలు, ఆమె పాత చీర చుట్టుకుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఎవరైనా చూస్తారేమోనని వీధి తలుపు వైపే చూస్తున్నాడు.

చంద్రిని దుడ్డెగా ఉన్నప్పటినుంచి పెంచింది ఆండాలే. ఆమె చేతికి తప్ప ఇంకెవరికీ చేపదు, చన్నుల్లోకి పాలు దించదు. పుట్టినూళ్లో ఆండాలు తల్లికి చూపు మందగించిందని కబురు వచ్చిన ప్రతిసారీ సాయిలుది ఒకటే మాట. "నువ్వు పోతే పాలెవరు పిండుతరు? పత్తర్‌గట్టి హోటలుకు నీళ్లు పొయ్యాల్నా?"

నాలుగు రోజుల కింద ఆండాలు అన్న లక్ష్మయ్య వచ్చి కూర్చుంటే, అతని ముందు సాయిలు గొప్పకు పోయి నోరు జారాడు. "బర్రె నా చేతికి చేపిందా, ఆ పూటనే నీ చెల్లెను తోల్కపో బావా." లక్ష్మయ్య పురానాపూల్ దగ్గర బండి విప్పి కూర్చున్నాడు. ఇవాళ కాకపోతే వెళ్లిపోతాడు.

చీర ఉపాయం అత్త బుచ్చమ్మది. "దానికి మనిషి ఏం ఎర్క? చీర వాసన చూస్తది. కట్టుకోరా!"

మూడు రోజులూ చంద్రి చీర వాసన చూసింది, నాకింది కూడా. సాయిలు నోరు తెరిచేదాకా బాగానే ఉండేది. "కాలు తియ్యి, దరిద్రపుదానా!" అనగానే ఒళ్లు బిగబట్టి పాలు పైకి ఎగబట్టేది. సరిగ్గా అప్పుడే తన భుజాలు కూడా బిగుసుకోవడం ఆండాలు గమనించింది. అదే మాట, అదే గొంతు తనకూ రోజూ వినబడేదే. నోరులేనిది పాలు దాచుకుంది. మరి నేనేం దాచుకున్నాను, అనుకుంది వింతగా.

"తిట్టకు. పేరు పెట్టి మెల్లగ పిలువు" అంది.

బుచ్చమ్మ కిసుక్కున నవ్వింది. "ఆరేండ్లల్ల పెండ్లాన్నే పిలువలే, బర్రెను పిలుస్తడా!"

సాయిలు గొంతు సవరించుకున్నాడు. బర్రె డొక్క మీద చెయ్యి వేసి నిమిరాడు.

"చంద్రీ... నా తల్లి గద... అలసిపోయినవా బిడ్డా? నేనున్న గద, ఫికర్ చెయ్యకు."

ఆండాలు కడుగుతున్న చెయ్యి ఆగిపోయింది. ఈ గొంతు ఈ ఇంట్లో ఎక్కడుంది ఇన్నాళ్లూ? కడుపు పోయిన మర్నాడు పిడకలు చరుస్తూ కళ్లు తిరిగి కూలబడ్డప్పుడు ఆయన దాటుకుంటూ వెళ్లాడు. "పాపం, ఆయనకు మాట్లాడరాదమ్మా" అని తల్లికి చెప్పింది తనే. తనకు తాను కూడా అదే చెప్పుకుంది, ఆరేళ్లు. రాకపోవడం కాదు. అన్నీ వచ్చు.

చంద్రి చెవులు వాల్చింది. చన్నులు నిండాయి. తపేలాలో పాలధార చుర్రుమంది.

"చేపింది!" సాయిలు అరిచాడు. "ఏయ్, కండ్లు మూసుకపోయినయా? చూస్తవేంది, ఇంకో గిన్నె తే!"

ఆండాలు గిన్నె తెచ్చి అతని పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్లి బట్టల మూట తెచ్చుకుని వీధి తలుపు గడియ తీసింది.

"ఎన్నొద్దులకొస్తవ్?" బుచ్చమ్మ అడిగింది.

"ఏయ్, నిన్నే! ఎన్ని దినాలకు?" సాయిలు లేచి గబగబా గడప దాకా వచ్చాడు. వీధిలో ఇద్దరు మనుషులు నడిచిపోతున్నారు. ఒంటిమీది చీర చూసుకుని తలుపు చాటుకు తగ్గాడు.

ఆండాలు గడప దాటి పురానాపూల్ వైపు నడిచింది.