నిటారు అక్షరాలు

"తొక్కు," అన్నాడు భర్త, కారు చక్రం పక్కన కూర్చుని.

డ్రైవరు సీట్లో ఉన్న ఆమె బ్రేకు తొక్కింది.

"అలాగే పట్టుకో. వదలకు. వదలకంటున్నానా! ఆఁ, ఇప్పుడు వదులు. మళ్లీ తొక్కు."

పొయ్యి మీద కూర ఉంది. బకెట్‌లో బట్టలు నానుతున్నాయి. వారమంతా కుట్టు ఫ్యాక్టరీలో మిషన్ పెడల్ తొక్కొచ్చిన కాలికి సెలవునాడు కారు పెడల్ దొరికింది. తేడా ఒక్కటే, అక్కడ తొక్కితే జీతమిస్తారు.

కారు అతని ప్రాణం. పాతదే అయినా వేగానికి పుట్టిన బండి, నేలకి జానెడెత్తులో పాకుతున్నట్టుంటుంది. ఇంత వేగానికి ఉన్న బ్రేకులు చాలవని కొన్నాళ్లు బాధపడి, చివరికి పెద్దవి తెప్పించాడు. చక్రంలో తిరిగే ఇనపపళ్లేన్ని రెండువైపులా నొక్కిపట్టే క్యాలిపర్లు, పసుప్పచ్చవి, వాటి మీద కంపెనీ పేరు నల్లటి పెద్ద అక్షరాలతో. మెకానిక్‌కి ఇస్తే పరువు తక్కువ. వీడియోలు చూసి ఇంట్లోనే బిగిస్తానన్నాడు. "నేనే చేశా" అని నలుగురికీ చెప్పుకోవాలిగా. ఆ "నేనే"లో జాకీ మోసింది ఆమె, టార్చి పట్టింది ఆమె, వాకిట్లో కారిన నూనె తుడిచింది ఆమె. విప్పిన పాత క్యాలిపర్లని ఎవరికో అమ్ముతానంటే, బట్టల పౌడరు వేసి అంట్లు తోమినట్టు తోమిందీ ఆమే.

టార్చి పట్టినప్పుడే చూసింది. పాతవాటికి బ్రేకు నూనెలో చిక్కుకున్న గాలి తీసే చిన్న నిపుల్ పైకొసన ఉంది. కొత్తవి మొదట బిగించినప్పుడూ పైనే ఉంది. కానీ అక్షరాలు తలకిందులుగా వచ్చాయి. అతను నాలుగడుగులు వెనక్కి వేసి చూసి మొహం ముడుచుకున్నాడు. "ఇదేంటి, జనం శీర్షాసనం వేసి చదవాలా?" అంటూ రెండూ విప్పి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాడు. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. నిపుళ్లు కిందికి పోయాయి.

"ఏమండీ," అంది అప్పుడే. "గాలి పైకి కదా పోతుంది? నిపుల్ కిందుంటే అది బయటికెలా వస్తుంది?"

"బొత్తాలు కుట్టుకునేదానివి, నాకు పాఠం చెప్తున్నావా?"

వరండాలోంచి అత్తగారు అందుకుంది. "వాడు ఎండలో చేతులు మసి చేసుకుంటుంటే నీ సణుగుడేమిటమ్మాయ్? మీ మామగారు స్కూటరు విప్పితే నేను నోరు విప్పేదాన్ని కాదు."

ఇప్పుడు సీట్లో కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టుకుని, ఆమెకి అర్థమవుతూనే ఉంది. మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోతోంది, దూదిలో కాలు పెట్టినట్టు. రెండోసారి సగంలో ఆగుతోంది. మూడోసారికి గట్టిపడుతోంది.

"మెత్తగా ఉందండీ."

"నిపుల్‌కి తగిలించిన గొట్టంలో ఒక్క బుడగ కూడా రావట్లేదు. గాలంతా పోయింది. నువ్వు సరిగ్గా తొక్కటం లేదు, అంతే."

ఎదురు చెప్పబోయి ఆగింది. ఒకసారి గ్యాసు వాసనొస్తోందంటే "నీ ముక్కు అంతేలే" అన్నాడు. పిల్ల ఒళ్లు కాలిపోతోందంటే "నీ చెయ్యే వేడి" అన్నాడు. పెళ్లయిన దగ్గర్నించీ ఆమె ఒంట్లో ఏది సాక్ష్యం చెప్పినా చెల్లలేదు. ఇవాళ కాలు వంతు వచ్చింది. నమ్మకపోతే పోనీ, ఒక పూట గొడవ తగ్గుతుంది అనుకోవడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే లేచి, కూర మాడుతోందని లోపలికి పోయింది.

బయటికొచ్చేసరికి అతని స్నేహితులిద్దరూ గేటు దగ్గరున్నారు. ఒకడు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. భర్త చొక్కా మార్చుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్క సీట్లో కూతురు, పదేళ్ల పిట్ట, బెల్టు పెట్టుకుని నవ్వుతోంది.

ఆమె చేతిలోని గరిటె వరండా అరుగు మీద పెట్టేసి పరుగున వచ్చింది.

"పిల్లని దింపండి."

"మొదలెట్టింది," అన్నాడతను స్నేహితులతో. తర్వాత ఆమెకేసి తిరిగి, టకటకా మూడుసార్లు బ్రేకు తొక్కాడు. "చూడు. రాయి. వంగి చేత్తో నొక్కి చూసుకో."

"మూడోసారికి రాయే. అడ్డొచ్చినవాడు మీరు మూడుసార్లు తొక్కేదాకా ఆగుతాడా?"

ఫోను పట్టుకున్నవాడు నవ్వాడు. "వదినా, అన్నయ్య నీతో తొక్కించి తొక్కించి నిన్ను ఇంజినీర్ని చేసేశాడు."

"నాన్నా, పోనీ," అంది పిట్ట. "అమ్మకేం తెలీదు."

ఆ మాట అచ్చం తండ్రి గొంతుతో వచ్చింది. ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత చూసుకుందాంలే అని ఇన్నాళ్లూ మింగిన ప్రతి మాటా ఈ పిల్ల కంచంలోకే పోతోంది.

తలుపు తీసింది. బెల్టు ఊడదీసింది. పిట్ట గింజుకుంది, మోచేత్తో పొడిచింది, చెయ్యి కొరికింది. ఆమె వదల్లేదు. సీట్లోంచి లాగి, నడుంపట్టి ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

"పదిమందిలో పరువు తీస్తావా?" అతను తలుపు బయటికి అరిచాడు.

"సంబరంగా పోతుంటే పిల్లని ఏడిపించింది, రాక్షసి," అంది అత్తగారు.

"మీరూ దిగండి," అందామె. "దండం పెడతాను. ఒక్కసారి మెకానిక్‌కి చూపించి..."

మిగతా మాట ఇంజను మోతలో కలిసిపోయింది. గేటు దాటేదాకా అతను బండిని మెల్లిగా పోనిచ్చాడు. వీధి మలుపు తిరిగాక మోత పెరిగింది. అక్కణ్ణించి రోడ్డు పల్లం. కింద నాలుగు దారులు కలుస్తాయి. ఆమె పిట్ట తలని పొట్టకి అదుముకుని వింటూ నిలబడింది. బ్రేకు చప్పుడు వినపడలేదు. హారన్ వినపడింది, ఆగకుండా. ఆ తర్వాత గోడ.

సెలవుకి మూసేసిన కొట్టు గోడ అది, అందుకే జనం లేరు. కారు పక్కకి తిరిగి ఎడంవైపు గుద్దుకుంది. స్టీరింగు కింద ఇరుక్కుని అతని తొడ ఎముక విరిగింది. అవతలివైపు ఇంకేం మిగల్లేదు. పిట్ట కూర్చున్న సీటు చాప చుట్టినట్టు చుట్టుకుపోయింది. పరుగెత్తి వెళ్లొచ్చిన స్నేహితుడు ఫోనులో దాన్ని ఆమెకి చూపించబోయి, పక్కన పిల్ల నిలబడి ఉండటం చూసి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆస్పత్రి మంచం చుట్టూ అందరూ ఉన్నారు. "ఇది సరిగ్గా తొక్కలేదురా, అందుకే," అంటోంది అత్తగారు. నొప్పికి అతని పెదాలు ఎండిపోయాయి. భార్యవైపు తల తిప్పాడు.

"అంత తెలిసినదానివి," అన్నాడు, "నన్నెందుకు ఆపలేదు?"

పిట్ట అమ్మ చీరకొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది, ఆమె చేతి మీద తను కొరికిన గాటు కనపడకుండా కప్పేస్తూ. ఆమె అతని నుదుటిమీది చెమట తుడిచింది. నీళ్లు తాగించింది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నేను ఆపగలిగింది దీన్నొక్కదాన్నే, ఆపాను," అంది. "ఇకమీదట దీని విషయంలో మీకు చెప్పడం కూడా ఉండదు."