తిడితే వచ్చే నీళ్ళు

తెల్లారేసరికి కొండ మీద తిట్లు మొదలవుతాయి. విజయవాడలో కింద రోడ్డు మీద నడకకు బయల్దేరిన పెద్దమనుషులు తలెత్తి చూసి, "ఈ కొండ మీదవాళ్ళకి సంస్కారం లేదండీ" అనుకుంటూ పోతారు. వాళ్ళకేం, కుళాయి తిప్పితే నీళ్ళు. కొండ మీద పై వరసకి ఉన్నది ఒకే ఒక్క కుళాయి. అది తిడితే గానీ నీళ్ళివ్వదు.

ఉత్తుత్తి తిట్లు పనికిరావు. కడుపులోంచి రావాలి. కోపం ఎంత నిజమైతే ధార అంత లావు. సాయిశ్రీ కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు రోజూ బిందెతో నిలబడి సిగ్గుపడేది, కుళాయి చుక్క రాల్చేది కాదు. కొన్నాళ్ళకి వాళ్ళాయన తాగొచ్చాడు. మర్నాడు బిందెతో పాటు బకెట్టు కూడా నిండింది. "ఇప్పటికి నీ కాపరం కుదుటపడిందే" అని ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు తిడితే మాత్రం గరగరమని గాలి వస్తుంది. బిందె మోయనివాడి కోపం దానికి ఆనదు కాబోలు.

ఈ విద్యలో శౌరమ్మను మించినవాళ్ళు లేరు. పైపు సగం వేసి వదిలేసి పోయినవాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, "మీ చేతులు పడిపోను, మీ నోట్లో మన్ను పడ" అని అందుకుందంటే డ్రమ్ము నిండి, వెనకవాళ్ళ బిందెలు కూడా నిండేవి. ఆదివారం గుడికి వెళ్ళి ఆ తిట్లన్నీ ఫాదర్ గారి ముందు పాపసంకీర్తనంలో ఒప్పుకునేది. "నీళ్ళ కోసం తిట్టినవి పాపం కిందికి రావులే అమ్మా" అనేవారాయన.

ఎండాకాలం ముందు శౌరమ్మకి పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకి పోయి, మాట పడిపోయింది. కోడలు చీకటితోనే కింద కాలేజీ హాస్టల్లో వంటపనికి దిగాలి. దాంతో బిందె మనవరాలు హెలెన్ చేతికొచ్చింది.

హెలెన్ పదో తరగతి. నోట్లో నాలుక లేని పిల్ల. మామ్మ తిట్లన్నీ కంఠతా వచ్చు గానీ, వాటిని బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. కుళాయి దారమంత ధార వదిలేది. బిందెలు నింపి బడికి చేరేసరికి రెండో గంట కొట్టేసేవారు. ఇక నెలలో ఆ రోజులు వస్తే బడే లేదు. అక్కడ ఆడపిల్లల బాత్రూముకి నీళ్ళు లేవని తాళం వేశారు. "కొంచెం ఓర్చుకోండమ్మా" అనేది టీచరు. ఆడపిల్లలు పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగడం మానేసి ఓర్చుకునేవాళ్ళు. అలా ఓర్చుకునీ ఓర్చుకునీ హెలెన్‌కి ఒంటేలుకి వెళితే మంట పుట్టి జ్వరం కూడా వచ్చింది.

"ఎటూ సగం రోజులు ఎల్లట్లేదుగా. మానెయ్. ఇంటికాడుండి నీళ్ళు చూసుకో," అన్నాడు తండ్రి ఏసుపాదం, ఆటో తాళాలు తీసుకుంటూ. చెడ్డవాడేం కాదు. ఇంట్లో నీళ్ళు వాటంతటవే డ్రమ్ములోకి వస్తాయనుకునే రకం.

ఆ వారంలోనే వార్డు నాయకుడు తిరుపతిరావు కొండెక్కాడు. కుళాయి చుట్టూ సిమెంటు గట్టు కట్టించి, దాని మీద తన పేరు రాయించుకుని ప్రారంభోత్సవం పెట్టాడు. కుళాయికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, "మా తల్లి, మా గంగమ్మ" అని పొగిడాడు. పొగిడేసరికి కుళాయి బిగుసుకుపోయింది. పక్కవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

"చదువుకునే పిల్ల ఎవరైనా ఉంటే పిలవండయ్యా, రెండు మంచి మాటలు చెబుద్ది," అన్నాడు తిరుపతిరావు.

హెలెన్‌ని ముందుకి తోశారు. ఆ పిల్లకి ఆ పూటే మొదలైంది. బడిలో ఉండలేక మధ్యలో వచ్చేసింది. ఇంట్లో కడుక్కోవడానికి చెంబుడు నీళ్ళు లేవు.

"నేను ఇంటికెళ్ళాలండీ," అంది మెల్లగా.

"ఎల్దువుగానీలేమ్మా. ఫొటో అయ్యేదాకా కాసేపు ఓర్చుకోలేవా?"

హెలెన్ తలెత్తి అతన్ని చూసింది. "ఓర్చుకోనండీ," అంది. గొంతు పెంచలేదు. "బళ్ళో ఓర్చుకున్నాను. దారంతా ఓర్చుకున్నాను. మీరు దండేసిన కుళాయిలో నీళ్ళు లేవండీ. నేను కడుక్కోవాలి. ఇంక ఓర్చుకోను."

తిట్టు ఒక్కటీ లేదందులో. కుళాయి మాత్రం దండ తెంపుకుని మరీ కొట్టింది. తిరుపతిరావు తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టలేదు, గబగబా బిందెలు పెట్టారు. హెలెన్ బకెట్టు నింపుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

పిల్ల గట్టెక్కిందనుకుంటే మనం వెర్రివాళ్ళమే. సాయంత్రానికి వరసంతా ఏసుపాదం గుమ్మంలో ఉంది. ఇంత ధార శౌరమ్మ హయాంలో కూడా చూడలేదు, పిల్లని రోజూ కుళాయి దగ్గర కూచోబెట్టమని. కూతురికి దొరికిన ఉద్యోగానికి ఏసుపాదం పొంగిపోయాడు.

మర్నాడు హెలెన్ యూనిఫాం వేసుకుని గుమ్మం దాటుతుంటే పుస్తకాల సంచీ లాక్కున్నాడు.

"ఇంకెక్కడికే? వీధంతా నీ నోటినే నమ్ముకునుంది."

"సంచీ ఇయ్యి నాన్నా."

"ఇయ్యను. బడీ లేదు, గిడీ లేదు."

శౌరమ్మని పొద్దుటెండ కోసం ఇంటి ఎదుటి కుళాయి పక్కన కుర్చీలో కూచోబెట్టారు. మాట పడిపోయిన దగ్గర్నుంచి ఆ ముసలావిణ్ణి ఎవరూ ఏదీ అడగలేదు. ఆవిడ కొడుకు చేతిలో సంచీని చూసింది. తర్వాత కొడుకుని చూసింది. రెప్ప వెయ్యలేదు.

ఎవరూ తిప్పకుండానే కుళాయి విప్పుకుంది. ఏసుపాదం పాదాలు తడిశాయి, లుంగీ అంచు తడిసింది, చూస్తుండగా తడి మోకాళ్ళ దాకా వచ్చింది. డ్రమ్ములూ బిందెలూ తపేలాలూ అన్నీ నిండిపోయి నీళ్ళు మెట్ల మీంచి కిందికి దూకాయి. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ నోరే కావాలనుకున్నారు పాపం.

హెలెన్ తండ్రి చేతిలోంచి సంచీ తీసుకుని మెట్లు దిగింది. బడిలో తాళంచెవి అడిగి తీసుకుని, బాత్రూములోకి వెళ్ళి, తుప్పు పట్టిన కుళాయికేసి మామ్మ చూసినట్టే చూసింది. కొండ మీదికి పోయే పైపే అదీను. ముందు ఎర్రనీళ్ళు, తర్వాత మంచినీళ్ళు వచ్చాయి. బయట ఆడపిల్లలు అప్పటికే వరస కట్టారు.

ఇప్పుడు రోజూ ఏసుపాదం తల్లిని ఎత్తుకొచ్చి కుర్చీలో కూచోబెట్టి, తను ఆవిడకి ఎదురుగా కూచుంటాడు. అందరి బిందెలూ నిండేదాకా లేవడానికి వీల్లేదు. బేరాలు పోతున్నాయని గొణుక్కుంటాడు.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా నా మీద నీకీ కోపం?" అని అడిగాడు ఒక రోజు, తల దించుకుని.

శౌరమ్మ కన్ను తిప్పలేదు. సాయిశ్రీ నిండు బిందె చంకకెత్తుకుంటూ, "హెలెన్ డిగ్రీ అయ్యేదాకా ఉండనియ్యన్నయ్యా," అంది.