తుంటిలో చిల్లు

డైనోసార్ అనగానే జనానికి ఏనుగుకి తాతలాంటిది కావాలి. మా మ్యూజియానికి దొరికింది ఊరకుక్క సైజుది. ఇరవై మూడు కోట్ల ఏళ్ళ కిందటి తొలి డైనోసార్లు చాలావరకు అంతే ఉండేవి పాపం: రెండు కాళ్ళ నడక, బోలు ఎముకలు, ఒంటికన్నా పొడుగు తోక. ఆ రోజుల్లో పెత్తనమంతా మొసళ్ళ చుట్టాలది. అలాంటి చుట్టం ఎముకలగూడు ఒకటి మా హాల్లో సగం ఆక్రమించుకుని ఉంది. డైరెక్టరుగారి ప్రాణమంతా దాని మీదే. మా బక్కదాన్ని చూసి, కొండను తవ్వి ఎలుకను పట్టామన్నారు.

ఎలుక కాదు, డైనోసారే అని రుజువు చెయ్యడం నా పని. రాతిలోంచి ఎముకలు విడదీసేవాణ్ణి నేను. రుజువు తుంటి ఎముకలో ఉంటుంది. తొడ ఎముక కూర్చునే గుంట మొసళ్ళ చుట్టాలకు గిన్నెలా అడుగుతో ఉంటుంది. డైనోసార్‌కు అడుగుండదు, ఇటునుంచి అటు చిల్లే. అందులో బిగిసిన రాతిని పదకొండు నెలలు సూదితో గీకాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో బకెట్ చిల్లు పూడ్చలేని మనిషికి ఆఫీసులో చిల్లు చేసినందుకు జీతమా అని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుంది.

ప్రారంభోత్సవంలో నేను రాసిచ్చిన కాగితాన్ని డైరెక్టరుగారు పొల్లుపోకుండా చదివారు. అర్థం చేసుకునే పొరపాటు మాత్రం చెయ్యలేదు. "తుంటిలో ఈ చిల్లే గుర్తు. ఇది లేకపోతే డైనోసార్ కాదు," అని వేలు చూపించారు. అతిథులు వంగి చూశారు. చిల్లు లేదు. నున్నగా, ఎముక రంగులో, చక్కటి అడుగుంది.

"అయితే కాదన్నమాట," అన్నాడు ముఖ్య అతిథి. అందరూ మొసలి చుట్టం పక్కన నిలబడి ఫోటోలు దిగారు. సాయంత్రానికి మాదాని పేరు పలక పీకేశారు. సోమవారానికల్లా రుజువు చూపించకపోతే దాన్ని గోదాములో పడేస్తామన్నారు డైరెక్టరుగారు. ఏడుపొచ్చింది నాకు, దాచుకోవడమెందుకు.

అంత నునుపు పని చెయ్యగలవాడు మా దగ్గర ఒక్కడే, పగిలిన ఎముకలకు ప్లాస్టర్ వేసే మేస్త్రి. నాలుగు దులిపేద్దామని అతని గదికి వెళ్ళాను. నన్ను చూడగానే లోపలికి లాగి తలుపు దగ్గరికి వేశాడు.

"భయపడకన్నా. సూది జారి ఎముకకి చిల్లు పెట్టేశావని ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే నీ ఉద్యోగం పోతుందని నిన్న నువ్వెళ్ళాక నేనే పూడ్చేశా," అన్నాడు మెల్లగా.

తెచ్చుకున్న తిట్లు పక్కన పెట్టాను. పదకొండు నెలల్లో నా చిల్లును కళ్ళతో చూసినవాడు ఈ మహానుభావుడొక్కడే. సంగతి చెప్పాను. తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఒక సూది వెతికి తీసి, తన ప్లాస్టర్ రాయికన్నా గట్టిదన్నాడు, సిగ్గుతోనో గర్వంతోనో. చెరోవైపు కూర్చుని గీకడం మొదలుపెట్టాం.

ఆదివారం మధ్యాహ్నం నా సూది అటువైపున్న అతని వేలికి గుచ్చుకుంది.