నచ్చని బంతి

బడి పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: సైకిళ్ళు పెట్టుకుంటున్న మూడు గోడల ఫైవ్స్ కోర్టు ఒకటి, మెత్త వేసి కుట్టిన చేతి తొడుగులు ఐదు జతలు, తోలు బంతులు తొమ్మిది, ఏడుగురు పిల్లలు. ఇరవై ఏడేళ్ళు బజారులో పళ్ళు అమ్మినవాణ్ణి. ఇంతకంటే తక్కువ సరుకుతో కొట్టు తెరిచిన రోజులున్నాయి.

హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ ప్రాథెరో గడువు పెట్టింది. "ఈస్టర్‌లోపు ఒక్క గేమ్ గెలిచి చూపించండి హిబెల్ గారూ, కమిటీవాళ్ళని ఆపుతాను. లేదంటే గోడలు తీసేసి కార్లు పెట్టిస్తారు."

ఫైవ్స్‌లో బంతిని చేత్తోనే గోడకేసి కొట్టాలి. మొదటి బంతి విసిరేవాళ్ళు అందుకునేవాళ్ళకు నచ్చేలా విసరాలి. నచ్చకపోతే ఎన్నిసార్లైనా వదిలేయవచ్చు. మా పిల్లలకు ఆ ఒక్కటే అబ్బలేదు. బ్రయొనీ అయితే ఏది వస్తే దాని మీద పడేది.

"వదిలేయొచ్చు కదమ్మా?"

"వాళ్ళేమనుకుంటారు సార్?"

"నా కొట్లో నలిగిన పండు ఇస్తే తీసుకుంటావా?"

"మీరిచ్చేవన్నీ అవేగా!" అంది ఆమె జోడీ నఫీసా.

గడువులో మిగిలింది ఒకే మ్యాచ్, ఫీజులు కట్టే పెద్ద బడి పిల్లలతో. మిసెస్ ప్రాథెరో కూడా వచ్చి నిలబడింది. మొదటి రెండు గేములూ పోయాయి. మూడోదానిలో వాళ్ళకు ఇంకొక్క పాయింటు చాలు. అది పోతే మ్యాచ్ అక్కడితో సరి. బయటినుంచి నేను నోరు విప్పకూడదు.

అవతలి అమ్మాయి విసిరింది. బంతి బాగా కిందికి వచ్చింది. బ్రయొనీ చెయ్యెత్తి, దించేసింది.

"ఇంకోటి," అంది, వినపడీ వినపడనట్టు.

రెండోది గోడకు మరీ దగ్గరగా వచ్చింది. "ఇంకోటి."

"మహారాణిగారికి నచ్చట్లేదు!" అన్నాడు నా వెనక ఎవరి తండ్రో. నవ్వులు. బ్రయొనీ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి సిగ్గుకొద్దీ ఎలాంటి బంతినైనా కొట్టేస్తుందనుకున్నాను.

"తొందరేం లేదే, బస్సు ఆరింటికి," అంది నఫీసా.

బ్రయొనీ మూడోదీ వదిలేసింది. నాలుగోది భుజమెత్తున నిదానంగా లేచింది. కొట్టింది. అవతలివాళ్ళు కదిలేలోపే బంతి మూలకు పడి చచ్చిపోయింది. ఆ తర్వాత ఒక్కో పాయింటుకూ మాకు చెమటలు పట్టించి, ఇద్దరూ ఆ గేమ్ లాక్కున్నారు.

నాలుగో గేమ్ పోయింది, దాంతో మ్యాచ్ పోయింది.

"చివర్లో ఇంకోటి వదలాల్సింది కదా సార్?" అని అడిగింది బ్రయొనీ.

"వదలాల్సింది."

మొత్తం మీద మాకు దక్కినవి: ఒక గేమ్, కోర్టుకు ఇంకో ఏడాది, మరుసటి వారం కొత్తగా చేరిన నలుగురు పిల్లలు.